రెండు మండలాల నడుమ ఎండుతున్న మా చెరువు గురించి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి, చిన్ననీటి పారుదల ఇంజినీర్లకు, మా చెరువు ఎవరి పరిధిలోదో ఇంకా తేల్చుకోని ఇద్దరు తహసీల్దార్లకు, 2024 డిసెంబరు ఎన్నికల్లో వచ్చిన మా సాగునీటి సంఘానికి, ఎగువ ఊరి రైతులకు, దిగువ ఊరి రైతులకు

నమస్కారం.

శ్రీ సత్యసాయి జిల్లాలో రెండు ఊళ్లు కలిసి బతికే ఒక చెరువు గురించి ఈ ఉత్తరం. ఊరి పేరు రాయలేదు. మీకు తెలుసు, మూడు అర్జీల మీద ఉంది. పేరు లేకపోతే ఇంకో లాభం కూడా ఉంది. సీమలో ఏ ఊరివాళ్లు చదివినా తమ చెరువు సంగతే అనుకుంటారు.

విషయం ఇది. చెరువు కట్ట, రెండు తూములు, మరవ (చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు), ఆయకట్టు ఒక మండలంలో ఉన్నాయి. చెరువుకు నీళ్లు తెచ్చే వంక, ఆ వంకలోకి వాన నీళ్లు దిగే గుట్టలు పక్క మండలంలో ఉన్నాయి. పదేళ్లుగా ఆ వంక సన్నబడుతూ వస్తోంది. ఒకచోట దున్ని చెనిక్కాయ (వేరుశనగ) వేశారు. ఒకచోట కంచె నాటి మామిడి పెట్టారు. రోడ్డు పక్కన లేఔటు వేసినవాళ్లు వంకను పూడ్చి రెండు సిమెంటు గొట్టాలు పెట్టి చేతులు దులుపుకున్నారు. ఆ గొట్టాలూ ఇప్పుడు మట్టితో మూసుకుపోయాయి. పెద్ద వాన పడితే నీళ్లు చెరువు దారి మరిచిపోయి రోడ్డెక్కుతున్నాయి.

మొదటి అర్జీకి ‘వంక మా మండలంలో లేదు’ అని జవాబు వచ్చింది. రెండోది పక్క మండలంలో ఇస్తే ‘చెరువు మా మండలంలో లేదు’ అన్నారు. రెండూ నిజమే. మూడోది ఇచ్చాక కొన్నాళ్లకు ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. నేను పిచ్చివాణ్ణి, ఆ సాయంత్రమే టార్చి పట్టుకుని వంక దాకా పోయి చూసొచ్చాను. కంచె కంచెలాగే ఉంది. అందుకే ఇప్పుడు అర్జీ కాకుండా నలుగురూ చదివేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన పక్కన కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ పెద్ద చెరువు కట్టించి వేయించిన శాసనం. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లపాటు పనిచేసినట్టు అందులో ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా లెక్కపెట్టి చెప్పారు. కట్ట కారడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట, కొంచెం నీటికి పెద్ద ఆయకట్టు, పెద్ద నీటికి కొంచెం ఆయకట్టు. ఇవి ఐదు. ఆరోది, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. ఆరున్నర శతాబ్దాల కిందట పట్టుకున్న జబ్బు ఇది. రాజ్యాలు పోయి మండలాలు వచ్చినా మా చెరువును వదల్లేదు.

మా తాత, మా నాయన ఈ చెరువుకు నీరుగంట్లు. తూము తీసేదీ మూసేదీ వాళ్లే. ఎంత పెద్ద రైతయినా తన మడికి తాను గండి కొట్టుకోకూడదు. కోతలైనాక కళ్లంలోనే ప్రతి రైతూ ఇంతని వడ్లు కొలిచి ఇచ్చేవాడు, దాన్ని మేర అనేవాళ్లు. నాయనకు కూలి ఇచ్చింది సర్కారు కాదు, ఆయన తడిపిన మళ్లే. కాబట్టి చివరి మడి ఎండితే ఆయన కంచంలో కూడా అంత మేర తగ్గేది. ఇంతకంటే గట్టి జవాబుదారీతనం ఏ సర్క్యులర్‌లోనూ నేను చదవలేదు.

చెరువు నిండని ఏడు జరిగేదాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఈ ఉత్తరంలో నాకు ముఖ్యమైంది అదే. కార్తీకంలో పెద్దలంతా కట్ట మీద కూర్చునేవాళ్లు. తూము రాయి మీద నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో నాయన చూసి చెప్పేవాడు. ఆ నీళ్లు మొత్తం ఆయకట్టుకు చాలవనుకుంటే తూముకు దగ్గరి మళ్లు మాత్రమే నాటేవాళ్లు. అయితే అవి ఆ మళ్ల సొంతదారులకే దక్కేవి కావు. ఆయకట్టులో భూమి ఉన్న అందరికీ, చివరి కయ్యల (మళ్ల) వాళ్లకు కూడా, వాళ్ల భూమి లెక్కన ఆ కాస్త నేలను ఆ ఒక్క కారుకు పంచేవాళ్లు. దామాషా అంటారు దీన్ని. నీళ్లు తగ్గితే అందరికీ తగ్గుతాయి, ఎవరికీ పూర్తిగా పోవు. కోర్టు లేదు, పోలీసు లేదు. తగాదాలు లేవని కాదు, ఉండేవి, బూతులు కూడా నేను విన్నాను. పెద్దకులాల మాటే చెల్లిన రోజులూ ఉన్నాయి, మా నాయన కట్ట మీద కూర్చోలేదు, పక్కన నిలబడే లెక్క చెప్పాడు. ఆ కాలం మళ్లీ రావాలని నేను కోరుకోను. ఆ లెక్క మాత్రం రావాలి.

ఇప్పుడు నీరుగంటి లేడు. తూము తలుపు తుప్పు పట్టింది, తాళం ఎవరి దగ్గర ఉందో అడగాలి. కట్ట మీద మాత్రం పనులు జరుగుతూనే ఉన్నాయి. కంప కొట్టారు, మట్టి పోశారు, రాతి పరుపు వేశారు, శిలాఫలకం పెట్టారు. కట్ట రోడ్డు నుంచి కనబడుతుంది, దాని మీద కారు పోతుంది, ఫొటో బాగా వస్తుంది. వంక అలా కాదు. అది ఎవరో ఒకరి పొలం గుండా పోతుంది, కొలవడానికి పోతే ఎవరో ఒకరికి కోపం వస్తుంది. అందుకని డబ్బంతా కట్టకు వస్తుంది, వంకకు రాదు. నీళ్లు మాత్రం వంకలోంచే రావాలి.

దీనివల్ల ఎవరికి ఏమవుతోందో చెబుతాను.

1. చివరి కయ్యల రైతులు. రెండెకరాల లోపు వాళ్లు. చెరువు నీళ్లు అందక బోరు వేస్తారు. కొబ్బరికాయతో పాయింటు పెట్టించి, అడుగుకు ఇంతని మాట్లాడుకుని, వడ్డీకి తెచ్చి వేస్తారు. మొదటి బోరులో దుమ్ము లేస్తుంది. రెండోదానిలో ఇంచు నీళ్లు పడి రెండు వేసవులకు ఒట్టిపోతాయి. చెరువు నిండిన ఏడు ఇవే బోర్లు మళ్లీ పోస్తాయి. చెరువంటే ఆయకట్టుకు పారే నీళ్లు మాత్రమే కాదని, రెండు ఊళ్ల బోర్ల కింద ఇంకే నీళ్లు కూడా అదేనని దీన్ని చూసి తెలుసుకున్నాం.

2. తాగునీళ్లు. బోరు లోతు పెరిగేకొద్దీ మా నేలలో ఫ్లోరైడు పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదని దేశ ప్రమాణం. అందుకని ఇరవై లీటర్ల క్యాను కొంటున్నాం. కూలి మనిషికి నెల తిరిగేసరికి ఆ ఖర్చు ఎంతవుతుందో మీరే లెక్క వేయండి. క్యాను కొనలేని ముసలివాళ్ల మోకాళ్లు ఏం చెబుతాయో అడిగి చూడండి.

3. భూమి లేనివాళ్లు. చెరువు అనగానే ఆయకట్టు రైతే గుర్తొస్తాడు. గొర్రెల కాపరికి మే నెలలో మందను తాపడానికి ఇదొక్కటే దిక్కు. చేపలు పట్టేవాళ్లకు, బట్టలుతికేవాళ్లకు, నాట్లకు పోయే ఆడవాళ్లకు చెరువు ఎండితే ఏ నష్టపరిహారం జాబితాలోనూ పేరుండదు. వాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు.

4. ఇక ముంపు. కరువు గురించి రాస్తూ ముంపు మాటెందుకని అడగొద్దు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగిపోయింది. వరద ముంచుకొచ్చినప్పుడు ఉన్న గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. కింది పల్లెలు ఇసుక మేటలయ్యాయి. అదే వారంలో తిరుపతి పక్కన రాయలచెరువు కట్టకు లీకు పడితే ఊళ్లు ఖాళీ చేయించారు. మా చెరువు మరవకు ఎవరో ఇసుక మూటలు అడ్డం పెట్టి ఎత్తు పెంచారు, కొంచెం నీళ్లు ఎక్కువ నిలుస్తాయని. మరవ కింది కాలువలో ఇళ్లు లేచాయి. పదేళ్లకోసారి వచ్చే వాన ఒక్కటి వస్తే, కట్ట మీద పోసిన మట్టి మమ్మల్ని కాపాడదు.

5. పిల్లలు. మా తాతలు మనిషి పేరు నిలిపే ఏడు సంతానాల్లో చెరువును ఒకటిగా లెక్కపెట్టారు. తనయుడితో సమానంగా తటాకం. మా తరం చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల) పక్కన ప్లాటు కొని కొడుక్కి రాసి ఇస్తోంది. ఆ ప్లాటులో వాడు ఏం తాగుతాడో ఎవరూ అడగడం లేదు.

‘హంద్రీ–నీవా నీళ్లు వస్తాయి, చెరువు నింపుతాం’ అని మీరు అంటారు. సంతోషం, రానివ్వండి. అయితే అవి కృష్ణ నీళ్లు, శ్రీశైలం వెనక మల్యాల నుంచి మెట్టుమెట్టుకూ కరెంటుతో ఎత్తి తెచ్చే నీళ్లు. ఆ నదిని బచావత్ ట్రిబ్యునల్ 1973లో మూడు రాష్ట్రాలకు పంచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన 811 టీఎంసీలను 2015లో తాత్కాలికంగా ఏపీకి 512, తెలంగాణకు 299 అని సర్దుకున్నారు. ఆ లెక్క మీద ఇప్పటికీ గొడవే. అంత దూరం నుంచి, అంత తగాదా దాటి వచ్చే నీటిని వంక మూసుకుపోయిన, తూము తాళం ఎవరి దగ్గరుందో తెలియని చెరువులో పోస్తామంటున్నారు. వచ్చిన నీళ్లను ఎవరు ఎంత వాడుకోవాలో రాసి ఉండకపోతే ముందు మోటారు పెట్టినవాడిదే చెరువు అవుతుంది. ఇప్పటికే శిఖంలో పైపులు దిగాయి.

మా తప్పు కూడా చెప్పాలి కదా. చెరువులో నాలుగు వాన నీళ్లు చేరగానే బోరు కింద వరి నాటేది మేమే. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు నీళ్లు నిలబెట్టాలంటే నాలుగు వేల లీటర్లు కావాలి. వరికి పంటకాలమంతా కలిపి 1,200 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, అంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు. చెనిక్కాయకు అందులో సగం కంటే తక్కువ చాలు. మా ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది పొడుగునా పడే వానే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఈ లెక్క రాని రైతు లేడు. అయినా పక్కవాడు వేశాడు కాబట్టి నేనూ వేస్తాను, నేను ఆపితే మిగిలిన నీళ్లు వాడి బోరుకే పోతాయి కదా అనుకుంటాం. ఒక్కరు ఆపితే నష్టం, అందరూ ఆపితే లాభం. ఇలాంటి చోటనే సంఘం కావాలి.

అది అయ్యే పనే. 2000 తర్వాతి దశాబ్దంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా ఊళ్లలో రైతులే వానను కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరి నీటి లెక్క గోడ మీద రాసి ఏ పంట వేయాలో కూర్చుని మాట్లాడుకున్నారు. ఎవరినీ బలవంతం చేయలేదు, జరిమానా వేయలేదు. లెక్క కళ్లెదుట ఉంటే వరి తగ్గించుకున్నవాళ్లు చాలామంది. ఆ ఏడు జిల్లాల్లో మా అనంతపురమూ ఉంది. ఆ తర్వాత 2019 డిసెంబరులో కేంద్రం అటల్ భూజల్ యోజన మొదలుపెట్టి ఇలాంటి పనికే ఏడు రాష్ట్రాలను ఎంచుకుంది. పక్క కర్ణాటక ఉంది, రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మన దగ్గర పుట్టిన విద్య మన దగ్గర మరుగునపడింది.

ఇక ఎగువ ఊరి కంచె రైతు సంగతి. మా దిగువ ఊరి కుర్రవాళ్లు ఆయన్ను దొంగ అంటున్నారు. నేను అనను. వంక పొంగితే కోసుకుపోయేది ఆయన చేను. చెరువు నిండితే ఆయనకు ఒక్క చుక్క రాదు, చేపల వేలంలో పైసా రాదు. 1997 నాటి సాగునీటి సంఘాల చట్టం ప్రకారం ఆయకట్టులో భూమి ఉన్నవాడికే సాగునీటి సంఘంలో ఓటు. అంటే నీళ్లు ఎవరి పొలం మీదుగా రావాలో ఆయనకు ఆ నీటి సంఘంలో మాటే లేదు. అలాంటప్పుడు ఆయన వంకను ఎందుకు కాపాడాలి? జేసీబీ పంపించి కంచె పీకడం సులువే. మరుసటి వానకు కంచె మళ్లీ లేస్తుంది.

మా డిమాండ్లు ఇవి.

1. రెండు మండలాల సర్వేయర్లు ఒకే రోజు, కలిసి, గుట్ట మొదలు నుంచి చెరువు నోటిదాకా వంకను నడిచి కొలవాలి. ఎఫ్‌ఎంబీలో (సర్వే శాఖ పొలం కొలతల పుస్తకంలో) ఉన్న వెడల్పు ప్రకారం రెండు వైపులా రాళ్లు పాతాలి. దానితోపాటే చెరువు పూర్తి నీటిమట్టం గుర్తులు కూడా. మిగతావన్నీ దీని తర్వాతే. ఇది కానిదే కట్ట మీద ఇంకో రూపాయి ఖర్చు పెట్టొద్దు. మా చెరువుకు డబ్బు వద్దని మేమే చెప్పడం వింతగా ఉండొచ్చు, అయినా చెబుతున్నాం.

2. చెరువు, వంక రెండిటికీ కలిపి ఒక్క అధికారిని పేరుతో సహా ఉత్తర్వులో రాయండి. ఏ మండలంవారైనా మాకు ఇబ్బంది లేదు. ‘సంబంధిత శాఖ’ అని మాత్రం రాయకండి.

3. ఆక్రమణల విషయంలో చట్టం లేదనొద్దు. చెరువులు, కుంటలు సమాజపు ఉమ్మడి వనరులని, వాటిని కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ముందు లేఔటుతో మొదలుపెట్టండి, చెనిక్కాయ చేనుతో కాదు. గొట్టాలు తీసి, వంక వెడల్పుకు తగ్గ కల్వర్టు వాళ్ల ఖర్చుతోనే కట్టించండి.

4. వంక పక్క రైతులను సాగునీటి సంఘం సమావేశాలకు పిలవాలి. ఓటు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోకపోతే రెండు గ్రామసభల తీర్మానంతో ఉమ్మడి కమిటీ పెట్టండి. పూడిక మట్టి వాళ్ల చేలకు ఊరికే తోలించండి. చేపల వేలం డబ్బులో కొంత ఎగువ ఊరికి ఇవ్వడానికి దిగువ ఊరు ఒప్పుకోవాలి. ఇది కలెక్టర్ గారికి కాదు, మావాళ్లకు చెబుతున్న మాట. అన్నా, అప్పా, కోపం రావచ్చు. లెక్క వేసి చూడండి, నిండిన చెరువులో వాటా ఇవ్వడం ఎండిన చెరువు మొత్తం మనదే అనుకోవడం కంటే చౌక.

5. నీరుగంటి కావాలి. ఏ కులమైనా, ఆడైనా మగైనా, నెల జీతం మీద, తూము తాళంతో, నీటిమట్టం రాసే పుస్తకంతో. నీటి పన్నులో మా వాటా నుంచి కొంత, రైతుల మేర నుంచి కొంత ఇవ్వొచ్చు. మా నాయనలాగా పక్కన నిలబడి కాదు, ఆ మనిషి సమావేశంలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి.

6. తూము దగ్గర గేజి రాయి, రెండు ఊళ్లలో వానమాపకాలు, ఊరికి ఐదు పరిశీలన బోర్లు. కార్తీకంలో లెక్క గోడ మీద రాసి, నీళ్లు తక్కువైతే దామాషా. సంఘం తీర్మానానికి అధికారుల అండ ఉంటే చాలు.

7. 2002 వాల్టా చట్టం (నీరు, నేల, చెట్ల పరిరక్షణ చట్టం) ప్రకారం ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. మా రక్షిత నీటి బోరు చుట్టూ అడుగులు వేసి చూస్తే ఏం కనబడుతుందో మాకు తెలుసు. మీరూ వచ్చి చూడండి. శిఖంలో దిగిన మోటారు పైపులూ అప్పుడే కనబడతాయి.

8. మరవకు అడ్డం పెట్టిన మూటలు వానాకాలం లోపు తీయించండి. దీనికి సర్వే అక్కర్లేదు, ఇద్దరు మనుషులు, ఒక పూట చాలు. మేమే తీసేద్దుం గానీ, తీసినవాడి మీద కేసు పెడతామని ఒకాయన అంటున్నాడు.

చెరువు చివరిసారి మరవ పారిన రోజు గంగమ్మకు పొట్టేలు కొట్టి రెండు ఊళ్లూ ఒకే పంక్తిలో తిన్నాయి. అప్పటికి మా చిన్నమ్మాయి నడక నేర్చింది. ఇప్పుడు అది తొమ్మిదో తరగతి.

వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున ఆరు గంటలకు మేం గుట్ట మొదట్లో ఉంటాం. రెండు ఊళ్ల నుంచీ మనుషులు వస్తారు, కంచె రైతు కూడా వస్తానన్నాడు. వంకను చెరువు దాకా నడుస్తాం. సర్వేయర్లను పంపితే సరే, పంపకపోయినా నడక ఆగదు. గొలుసు మేం తెచ్చుకుంటాం. ఎఫ్‌ఎంబీ నకలు మాత్రం మీ దగ్గరే ఉంది, అది పంపండి.

ఇట్లు,
నీరుగంటి కొడుకు, రెండు ఊళ్ల ఆయకట్టు రైతుల తరఫున